బాక్ తీసి ఎఫ్‌మాక్ పెట్టడం ఎలా: చేతిలో ఒక అమైనో ఆమ్లం, కావాల్సింది ఇంకొకటి అయినప్పుడు

తిరుపతిలో ఎంఎస్సీ ప్రాజెక్టుల కాలం మొదలైందంటే నాకు ఒకటే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది. "అన్నా, మా ల్యాబ్‌లో బాక్-ఫినైల్‌అలనిన్ సీసా ఉంది. సార్ ఎఫ్‌మాక్‌తో చేయమన్నారు. ఉన్నదాన్ని మార్చుకోవచ్చా? ఒక రోజులో అయిపోతుందా?" బాక్, ఎఫ్‌మాక్ అంటే పెప్టైడ్ కట్టేటప్పుడు అమైనో ఆమ్లంలోని నైట్రోజన్ (అమైన్) రియాక్ట్ కాకుండా దాని మీద వేసే రెండు రకాల ముసుగులు. మార్చుకోవచ్చు. ఒక రోజు చాలదు, రెండు రోజులు పెట్టుకోండి. రియాక్షన్లకు అంత సమయం పట్టదు కానీ ఆరబెట్టడం, తూకం, పరీక్షలు తొందరపడితే కుదరవు.

ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే బదులు మొత్తం ఇక్కడ రాస్తున్నాను. ఫినైల్‌అలనిన్‌ని ఉదాహరణగా తీసుకున్నాను. లెక్కలన్నీ 10 మిల్లీమోళ్లకు. మీ అమైనో ఆమ్లం వేరైతే అణుభారం మార్చుకుని అదే నిష్పత్తిలో వెళ్లండి.

సిద్ధాంతం రెండు ముక్కల్లో చెప్తాను. బాక్ ఆమ్లానికి ఊడుతుంది, క్షారానికి చలించదు. ఎఫ్‌మాక్ క్షారానికి ఊడుతుంది, ఆమ్లాన్ని తట్టుకుంటుంది. అందుకే "మార్చడం" అని మనం ఒక్క మాటలో అంటున్నా, ఇవి రెండు వేర్వేరు రియాక్షన్లు. ముందు ఆమ్లంలో బాక్ తీయాలి, తర్వాత క్షారంలో ఎఫ్‌మాక్ పెట్టాలి. ఈ రెండింటి మధ్య ముసుగు లేని అమైన్ ఉప్పు రూపంలో కాసేపు మీ చేతిలో ఉంటుంది. నేను చూసిన తప్పుల్లో ఎక్కువ భాగం ఆ మధ్య మజిలీలో జరిగినవే. అందుకే దాని గురించే ఎక్కువ రాస్తాను.

ముందుగా: మీ అమైనో ఆమ్లానికి ఈ దారి సరిపోతుందా?

సీసా మీద పేరు పూర్తిగా చదవండి. సైడ్ చైన్ మీద టెర్ట్-బ్యూటైల్, ట్రిటైల్, లేదా ఇంకో బాక్ ఉంటే ఇక్కడే ఆగిపోండి. సెరిన్ మీది టెర్ట్-బ్యూటైల్ ఈథర్, ఆస్పార్టిక్ ఆమ్లం మీది టెర్ట్-బ్యూటైల్ ఎస్టర్, లైసిన్ పక్క నైట్రోజన్ మీది బాక్, ఇవన్నీ ఆల్ఫా నైట్రోజన్ (అమైనో ఆమ్లం అసలు అమైన్) మీది బాక్‌తో పాటే ఆమ్లంలో ఊడిపోతాయి. ఒకటి తీసి ఇంకొకటి ఉంచడం ఈ పద్ధతిలో కుదరదు. అలాంటివాటికి ఎఫ్‌మాక్ రూపం నేరుగా కొనుక్కోవడమే మేలు. లేదంటే ఆల్ఫా నైట్రోజన్ మీద సీబీజెడ్ (ఇంకో రకం ముసుగు) ఉన్న సీసా వెతకండి. దాన్ని హైడ్రోజన్‌తో తీస్తే టెర్ట్-బ్యూటైల్‌కు ఏమీ కాదు.

ట్రిప్టోఫాన్, మెథియోనిన్ అయితే చేయవచ్చు, జాగ్రత్త కావాలి. బాక్ ఊడేటప్పుడు పుట్టే టెర్ట్-బ్యూటైల్ కేటయాన్ ట్రిప్టోఫాన్ ఇండోల్ మీదా, మెథియోనిన్ సల్ఫర్ మీదా అతుక్కుంటుంది. ఆమ్లంతో పాటు అనిసోల్ 5 శాతం దాకా కలిపితే అది చాలావరకు ఆ కేటయాన్‌ను పట్టుకుంటుంది. గ్లైసిన్, అలనిన్, వాలిన్, లూసిన్, ఫినైల్‌అలనిన్, ప్రోలిన్ అయితే నిశ్చింతగా మొదలుపెట్టండి.

కావాల్సినవి

బాక్-ఫినైల్‌అలనిన్ 2.65 గ్రాములు (అణుభారం 265.3). ఎఫ్‌మాక్-ఓఎస్‌యూ, అంటే ఎఫ్‌మాక్ సక్సినిమిడైల్ కార్బొనేట్, 3.20 గ్రాములు (అణుభారం 337.3, అంటే 9.5 మిల్లీమోళ్లు). ఇది అమైనో ఆమ్లం కంటే ఎందుకు తక్కువో తర్వాత చెప్తాను.

బాక్ తీయడానికి ఈ రెండింటిలో ఒకటి: డయాక్సేన్‌లో 4 మోలార్ హైడ్రోజన్ క్లోరైడ్ 25 మి.లీ., లేదా ట్రైఫ్లోరోఎసిటిక్ ఆమ్లం (టీఎఫ్‌ఏ) 10 మి.లీ., డీసీఎం (డైక్లోరోమీథేన్) 15 మి.లీ.

సోడియం కార్బొనేట్, అసిటోన్, డైఇథైల్ ఈథర్, ఇథైల్ ఎసిటేట్, హెక్సేన్, టోలుయిన్, 1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఉప్పునీళ్లు (బ్రైన్), సోడియం సల్ఫేట్. టీఎల్‌సీ (పలుచని పొర క్రొమటోగ్రఫీ) ప్లేట్లు, 254 నానోమీటర్ల యూవీ దీపం, నిన్‌హైడ్రిన్ ద్రావణం (ముసుగు లేని అమైన్‌కు రంగు తెప్పించేది). పీహెచ్ పేపర్ కచ్చితంగా కావాలి, 1 నుంచి 14 వరకు ఉన్నది ఒకటి, వీలైతే 7–10 మధ్య సన్నగా చూపేది ఇంకొకటి. పీహెచ్ మీటర్ ఉన్నా అసిటోన్ ఉన్న మిశ్రమంలో ఎలక్ట్రోడ్ ముంచకండి. ఎఫ్‌మాక్-ఓఎస్‌యూ దాని మీద పేరుకుంటుంది, అంకె కూడా నమ్మేలా ఉండదు.

ఫ్యూమ్ హుడ్ పని చేయకపోతే ఈ పని మొదలుపెట్టకండి. టీఎఫ్‌ఏ చర్మం మీద పడితే లోతుగా కాలుతుంది, ఆవిరి ఊపిరితిత్తులకు మంచిది కాదు. డీసీఎం నైట్రైల్ గ్లోవ్స్‌లోంచి నిమిషాల్లోనే లోపలికి వస్తుంది. గ్లోవ్ మీద ఒలికితే తుడుచుకుని కొనసాగించకండి, వెంటనే విప్పి చేతులు కడిగి కొత్తవి వేసుకోండి. టీఎఫ్‌ఏ చర్మం మీద పడితే కనీసం 15 నిమిషాలు పారే నీటి కింద కడగాలి.

మన ఊరి వేడి గురించి ఒక మాట

పేపర్లలో "రూమ్ టెంపరేచర్" అని రాస్తే వాళ్ల ఉద్దేశం 20–25 డిగ్రీలు. మే నెలలో తిరుపతిలో ఏసీ లేని ల్యాబ్ అంటే 35 దాటుతుంది, బయట 40 దాటుతుంది. డైఇథైల్ ఈథర్ 34.6 డిగ్రీలకే మరుగుతుంది. డీసీఎం 40కి. అంటే మధ్యాహ్నం రెండింటికి మీరు సెపరేటింగ్ ఫన్నెల్‌లో ఈథర్ పోసి ఊపితే అది లోపలే మరగడానికి సిద్ధంగా ఉంటుంది, మూత ఎగిరిపోతుంది. ఈథర్ పని ఉదయం తొమ్మిదిలోపు ముగించండి. ద్రావణాలన్నీ ముందే ఐస్‌లో పెట్టుకోండి. కుదిరితే ఈథర్ బదులు మిథైల్ టెర్ట్-బ్యూటైల్ ఈథర్ వాడండి. అది 55 డిగ్రీలకు మరుగుతుంది, పెరాక్సైడ్లు కూడా అంత తేలిగ్గా ఏర్పడవు. ఎండాకాలంలో నేను దాన్నే వాడమంటాను.

అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల వానల్లో ఇబ్బంది వేరు. గాల్లో తేమ వల్ల హైడ్రోక్లోరైడ్ ఉప్పు ఫిల్టర్ పేపర్ మీదే జిగటగా మారుతుంది. ఆ రోజుల్లో ఫిల్టర్ చేశాక గాలికి వదిలేయకుండా నేరుగా వాక్యూమ్ డెసికేటర్‌లో పెట్టండి.

మొదటి భాగం: బాక్ తీయడం

1. మొదలుపెట్టే ముందే టీఎల్‌సీ వేయండి. బాక్-ఫినైల్‌అలనిన్ కొద్దిగా మిథనాల్‌లో కరిగించి, క్లోరోఫాం, మిథనాల్, ఎసిటిక్ ఆమ్లం 90:8:2 నిష్పత్తిలో నడపండి. చుక్క ఎక్కడుందో యూవీ కింద పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. పాత సీసా అయితే ఇప్పుడే తెలిసిపోతుంది, నిన్‌హైడ్రిన్ చల్లినప్పుడు అడుగున ఊదా చుక్క కనిపిస్తే బాక్ ఇప్పటికే కొంత ఊడిపోయిందన్నమాట.

2. రెండు దారులూ చెప్తాను. చేతిలో రెండూ ఉంటే డయాక్సేన్‌లో హైడ్రోజన్ క్లోరైడ్‌నే ఎంచుకోండి. ఉప్పు తెల్లటి పొడిగా బయటపడుతుంది, ఫిల్టర్ చేసి తూచుకోవచ్చు. 100 మి.లీ. ఆర్‌బీ ఫ్లాస్క్‌లో 2.65 గ్రాముల బాక్-ఫినైల్‌అలనిన్ వేసి, 25 మి.లీ. ద్రావణం పోసి, కాల్షియం క్లోరైడ్ గార్డ్ ట్యూబ్ పెట్టి కలుపుతూ ఉంచండి. ఐస్ బాత్‌లో పెట్టకండి. డయాక్సేన్ దాదాపు 12 డిగ్రీలకే గడ్డకడుతుంది. ఫ్లాస్క్ అంతా ఒక ముద్దయిపోయి "రియాక్షన్ ఆగిపోయింది అన్నా" అని ఫోన్ చేసినవాళ్లు ఉన్నారు. మామూలు చల్లటి కుళాయి నీళ్లు చాలు.

టీఎఫ్‌ఏ దారి: 15 మి.లీ. డీసీఎంలో కలిపి ఐస్‌లో చల్లబరచి, 10 మి.లీ. టీఎఫ్‌ఏ పది నిమిషాల్లో చుక్కలుగా పోయండి. తర్వాత ఐస్ తీసేయండి.

3. ఏ దారిలోనైనా ఫ్లాస్క్‌కు గట్టిగా మూత బిగించకండి. కార్బన్ డయాక్సైడ్, ఐసోబ్యూటిలీన్ వాయువులు వస్తాయి. మూసిన ఫ్లాస్క్ పగిలే ప్రమాదం ఉంది.

4. ముప్పావు గంట తర్వాత టీఎల్‌సీ చూడండి. ఇక్కడ ఒక చిన్న పని చాలామంది చేయరు: కేపిలరీతో పెట్టిన చుక్కను హెయిర్ డ్రయర్‌తో రెండు నిమిషాలు బాగా ఆరబెట్టాలి. ఆమ్లం మిగిలితే చుక్క తోకలా సాగుతుంది, ఏమీ తెలియదు. బాక్ చుక్క పూర్తిగా పోయి, మొదలు పెట్టిన గీత దగ్గర నిన్‌హైడ్రిన్‌కు ఊదా రంగు వస్తే అయినట్టే. ప్రోలిన్ అయితే పసుపు వస్తుంది, కంగారు పడకండి.

నిన్‌హైడ్రిన్ చల్లి ప్లేటును ఎక్కువసేపు వేడి చేస్తే బాక్ ఉన్న చుక్క కూడా రంగు తిరుగుతుంది. ఆ వేడికి, అందులోని ఎసిటిక్ ఆమ్లానికి బాక్ ప్లేటు మీదే ఊడుతుంది. కాబట్టి మొదట ఏ చుక్క రంగు తిరిగిందో చూడండి, ఆఖరున ఎన్ని చుక్కలున్నాయో లెక్కపెట్టకండి.

సాధారణంగా గంట నుంచి రెండు గంటల్లో పూర్తవుతుంది. మూడు గంటలకూ బాక్ మిగిలితే అనుమానం ఆమ్లం మీద పెట్టుకోండి. చాలాసార్లు తెరిచి మూసిన హైడ్రోజన్ క్లోరైడ్ సీసాలో బలం తగ్గిపోతుంది. సీసా మీద 4 మోలార్ అని ఉన్నా లోపల అంత ఉండకపోవచ్చు. కొత్త సీసాలోంచి ఇంకో 10 మి.లీ. కలపండి.

5. హైడ్రోజన్ క్లోరైడ్ దారి అయితే 60 మి.లీ. చల్లటి ఈథర్ పోసి పావుగంట కలపండి. తెల్లటి పొడి దిగుతుంది. ఫిల్టర్ చేసి, రెండుసార్లు 15 మి.లీ. ఈథర్‌తో కడిగి, వాక్యూమ్‌లో పెట్టండి.

టీఎఫ్‌ఏ దారి అయితే రోటాలో (రోటరీ ఎవాపరేటర్‌లో) పెట్టి 40 డిగ్రీలు దాటకుండా లాగండి. పంపుకు ముందు ట్రాప్ తప్పనిసరి, లేకపోతే టీఎఫ్‌ఏ పంపును తినేస్తుంది. మిగిలిన జిగటలో 20 మి.లీ. టోలుయిన్ పోసి మళ్లీ లాగండి. ఇలా మూడుసార్లు. తర్వాత చల్లటి ఈథర్ 40 మి.లీ. పోసి గాజు కడ్డీతో ఫ్లాస్క్ గోడలు గీకుతూ ఉంటే పొడి కడుతుంది. అది ఓపిక పని, పది నిమిషాలు గీకాల్సి రావచ్చు.

ఇక్కడ ఆగి తూకం వేయండి

నేను మొదటిసారి ఈ పని చేసినప్పుడు జరిగింది చెప్తాను. టీఎఫ్‌ఏ దారిలో చేశాను. రోటాలోంచి తీసిన జిగట 3.5 గ్రాములు ఉంది. టోలుయిన్ ఒక్కసారే పోశాను. "దిగుబడి బాగుంది" అనుకుని అలాగే రెండో భాగానికి వెళ్లాను. లెక్క ప్రకారం క్షారం వేశాను, ఎఫ్‌మాక్-ఓఎస్‌యూ వేశాను, రాత్రంతా కలుపుతూ వదిలేశాను. పొద్దున్నే చూస్తే ఫ్లాస్క్‌లో తెల్లటి పొడి తేలుతోంది. ఫిల్టర్ చేసి చూస్తే అది నేను వేసిన ఎఫ్‌మాక్-ఓఎస్‌యూనే. పీహెచ్ పేపర్ ముంచితే 5 చూపించింది.

లెక్క చూడండి. 10 మిల్లీమోళ్ల ఫినైల్‌అలనిన్ టీఎఫ్‌ఏ ఉప్పు బరువు 2.79 గ్రాములకు మించకూడదు. నా దగ్గర 3.5 ఉంది. ఎక్కువ ఉన్న 0.71 గ్రాము వట్టి టీఎఫ్‌ఏ. దాని అణుభారం 114, అంటే 6 మిల్లీమోళ్లకు పైగా అదనపు ఆమ్లం. నేను కొలిచి వేసిన క్షారాన్ని అది తినేసింది. ఆ పీహెచ్ దగ్గర అమైన్ ప్రోటాన్ పట్టుకుని కూర్చుంటుంది, ఎఫ్‌మాక్‌ని తాకదు.

కాబట్టి ఇక్కడ మూడు పరీక్షలు చేయకుండా ముందుకు వెళ్లకండి.

తూకం: హైడ్రోక్లోరైడ్ ఉప్పు అయితే పూర్తి దిగుబడి 2.02 గ్రాములు, టీఎఫ్‌ఏ ఉప్పు అయితే 2.79. అంతకంటే ఎక్కువ వచ్చిందంటే ద్రావణమో ఆమ్లమో మిగిలి ఉంది. ఇంకా ఆరబెట్టండి. అరగంట తేడాతో రెండుసార్లు తూస్తే బరువు మారకూడదు.

ఆవిరి పరీక్ష: పీహెచ్ పేపర్ తడిపి ఫ్లాస్క్ మూతి దగ్గర పట్టుకోండి. ఎర్రబడితే ఆమ్లం ఇంకా ఉంది. ముక్కుతో వాసన చూసి తేల్చుకోకండి.

టీఎల్‌సీ: బాక్ చుక్క ఇసుమంతైనా ఉండకూడదు. ఇక్కడ మిగిలిన బాక్-ఫినైల్‌అలనిన్ చివరిదాకా మీతోనే వస్తుంది. అదీ ఆమ్లమే, ఎఫ్‌మాక్ ఉత్పత్తీ ఆమ్లమే. వర్కప్‌లో (రియాక్షన్ తర్వాత కడిగి విడదీసేటప్పుడు) రెండూ ఒకే దారిలో నడుస్తాయి, విడదీయడానికి కాలమ్ వేయాల్సి వస్తుంది.

రాత్రికి ఇక్కడ ఆపాలంటే ఉప్పు రూపంలోనే మూత పెట్టి డెసికేటర్‌లో ఉంచండి. మీ దగ్గర ఉన్నది అమైనో ఆమ్లం మిథైల్ ఎస్టర్ అయితే ఈ మాట ఇంకా ముఖ్యం. క్షారంతో విడిపించి ఉంచితే రెండు అణువులు కలిసి డైకీటోపైపరజీన్ అనే ఉంగరం అయిపోతాయి.

రెండో భాగం: ఎఫ్‌మాక్ పెట్టడం

6. 250 మి.లీ. ఫ్లాస్క్‌లో 40 మి.లీ. నీళ్లు, 2.12 గ్రాముల సోడియం కార్బొనేట్ (20 మిల్లీమోళ్లు) కరిగించండి. ఐస్‌లో చల్లబరచి, మొదటి భాగంలో వచ్చిన ఉప్పును కొద్దికొద్దిగా వేయండి. పొంగు వస్తే వేగం తగ్గించండి. పూర్తిగా కరగక కాస్త మసకగా ఉన్నా ఫరవాలేదు, రియాక్షన్ నడిచేకొద్దీ కరుగుతుంది.

7. గాజు కడ్డీతో ఒక చుక్క తీసి పీహెచ్ పేపర్ మీద పెట్టండి. 8.5–9 మధ్య ఉండాలి. తక్కువుంటే 10 శాతం సోడియం కార్బొనేట్ ద్రావణం చుక్కలుగా కలపండి. తొందరపడి సోడియం హైడ్రాక్సైడ్ వేయకండి. పీహెచ్ 10 దాటిపోతే ఎఫ్‌మాక్-ఓఎస్‌యూ నీళ్లతోనే రియాక్టై వృథా అవుతుంది, పెట్టిన ఎఫ్‌మాక్ కూడా ఊడడం మొదలవుతుంది.

8. 3.20 గ్రాముల ఎఫ్‌మాక్-ఓఎస్‌యూను 30 మి.లీ. అసిటోన్‌లో కరిగించి, 20 నిమిషాల్లో నెమ్మదిగా పోయండి. మొదట పెరుగులా తెల్లగా అవుతుంది. కలిపే అయస్కాంత బీడ్ తిరగనంత చిక్కబడితే ఇంకో 10 మి.లీ. అసిటోన్ పోయండి.

ఎఫ్‌మాక్-ఓఎస్‌యూ 0.95 ఈక్వివలెంట్లే (అమైనో ఆమ్లం ఒక మోల్‌కు 0.95 మోల్) ఎందుకు? మిగిలిన అమైనో ఆమ్లం చివర్లో ఆమ్లపు నీళ్లలో ఉండిపోతుంది, తేలిగ్గా పోతుంది. మిగిలిన ఎఫ్‌మాక్-ఓఎస్‌యూ మాత్రం ఉత్పత్తితో కలిసి మిమ్మల్ని వదలదు. అందుకని చవకగా వదిలించుకోగలిగేది ఎక్కువ తీసుకోవడం మేలు.

ల్యాబ్‌లో ఎఫ్‌మాక్ క్లోరైడ్ మాత్రమే ఉంటే? పని చేస్తుంది, కానీ నేను సలహా ఇవ్వను. అది మరీ చురుకైనది. కొంత భాగం అమైన్ బదులు కార్బాక్సిలేట్ మీద పడి మిశ్రమ ఎన్‌హైడ్రైడ్ అవుతుంది. దాన్ని ఇంకో అమైనో ఆమ్లం పట్టుకుంటే ఎఫ్‌మాక్-ఫినైల్‌అలనిల్-ఫినైల్‌అలనిన్, అంటే డైపెప్టైడ్ వస్తుంది. పెప్టైడ్ కట్టేటప్పుడు ఇది లోపలికి వెళ్తే ఒక యూనిట్ ఎక్కువున్న పెప్టైడ్ తయారవుతుంది, ఎక్కడ తప్పు జరిగిందో ఆఖరిదాకా తెలియదు.

9. పీహెచ్‌ను 15 నిమిషాలకు, 30 నిమిషాలకు, గంటకు చూడండి. రియాక్షన్ నడుస్తున్నప్పుడు హైడ్రాక్సీసక్సినిమైడ్ విడుదలవుతుంది, అదీ ఆమ్లమే, పీహెచ్‌ని కిందికి లాగుతుంది. 8కి దిగితే మళ్లీ కార్బొనేట్ చుక్కలు వేసి 8.5–9కి తీసుకురండి. గంటసేపు కదలకుండా నిలబడితేనే పీహెచ్ గురించి మర్చిపోవచ్చు. మొత్తం గైడ్‌లో ఒక్క పని శ్రద్ధగా చేస్తానంటే ఇది చేయండి.

10. మొదటి గంట ఐస్‌లో, తర్వాత 25–28 డిగ్రీల దగ్గర ఉంచండి. ఎండాకాలంలో టబ్బులో చల్లటి నీళ్లు పోసి ఫ్లాస్క్ అందులో పెట్టండి. "ఓవర్‌నైట్" అని రాసి ఉందని రాత్రంతా వదిలేయక్కర్లేదు. మూడు, నాలుగు గంటల తర్వాత టీఎల్‌సీ చూస్తే ఎఫ్‌మాక్-ఓఎస్‌యూ చుక్క దాదాపు పోయి ఉంటుంది. రాత్రి వదిలేస్తే కరెంటు పోయి స్టిర్రర్ ఆగిందో లేదో పొద్దున మీకు తెలియదు. సాయంత్రం లోపు ముగిసేలా ఉదయమే మొదలుపెట్టండి.

11. రోటాలో అసిటోన్ చాలావరకు తీసేయండి, బాత్ 35 డిగ్రీలు దాటకూడదు. 50 మి.లీ. నీళ్లు కలిపి, సెపరేటింగ్ ఫన్నెల్‌లో ఈథర్‌తో (లేదా మిథైల్ టెర్ట్-బ్యూటైల్ ఈథర్‌తో) రెండుసార్లు 25 మి.లీ. చొప్పున కడగండి. మిగిలిన ఎఫ్‌మాక్-ఓఎస్‌యూ, డైబెంజోఫల్వీన్ (ఎఫ్‌మాక్ ఊడితే మిగిలేది) లాంటివి ఈథర్‌లోకి పోతాయి. మీకు కావాల్సింది కింద నీళ్లలో ఉంది.

ఒక్కోసారి ఇక్కడ మూడు పొరలు కనిపిస్తాయి. పైన ఈథర్, అడుగున నీళ్లు, మధ్యలో నూనెలా ఒకటి. ఆ మధ్యది మీ ఉత్పత్తి సోడియం ఉప్పే. పారబోయకండి. పై ఈథర్ పొరను మాత్రం తీసేసి, కిందివి రెండూ ఉంచుకోండి. ఇంకొంచెం నీళ్లు పోస్తే చాలాసార్లు కలిసిపోతుంది. ఏ పొరనైనా సరే, ఉత్పత్తి చేతికొచ్చి తూచేదాకా ఏదీ పారబోయకండి.

12. నీటి పొరను పెద్ద బీకర్‌లోకి తీసుకుని ఐస్‌లో పెట్టి, కలుపుతూ 1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం నెమ్మదిగా పోయండి. కార్బన్ డయాక్సైడ్ పొంగుతుంది, అందుకే పెద్ద బీకర్ అన్నాను. పీహెచ్ 2కి తేవాలి. తెల్లగా ముద్దలు కడుతుంది. వెంటనే 40 మి.లీ. ఇథైల్ ఎసిటేట్ పోసి కరిగించి, ఫన్నెల్‌లోకి మార్చండి. మొత్తం మూడుసార్లు ఇథైల్ ఎసిటేట్‌తో తీయండి.

13. ఇథైల్ ఎసిటేట్ పొరలన్నీ కలిపి నీళ్లతో మూడుసార్లు, బ్రైన్‌తో ఒకసారి కడగండి. నీళ్లతో కడగడం తగ్గించకండి, హైడ్రాక్సీసక్సినిమైడ్ పోయేది అక్కడే. సోడియం సల్ఫేట్ మీద ఆరబెట్టి, వడగట్టి, రోటాలో 15 మి.లీ. దాకా తగ్గించి, వెచ్చగా ఉండగానే హెక్సేన్ చుక్కలుగా పోస్తే తెల్లటి స్ఫటికాలు కడతాయి. ఫ్రిజ్‌లో రెండు గంటలు ఉంచి ఫిల్టర్ చేయండి.

పూర్తి దిగుబడి 3.68 గ్రాములు. 3 గ్రాములు దాటితే బాగా చేసినట్టే. 3.68 దాటితే సంతోషపడకండి, ఇథైల్ ఎసిటేట్ మిగిలి ఉంది, వాక్యూమ్‌లో ఇంకా ఉంచండి.

వచ్చింది అదేనా?

టీఎల్‌సీలో ఒకటే చుక్క ఉండాలి, 254 దగ్గర స్పష్టంగా నల్లటి మచ్చగా కనిపించాలి (బాక్-ఫినైల్‌అలనిన్ అయితే మసకగా కనిపిస్తుంది), కొద్దిసేపు వేడి చేస్తే నిన్‌హైడ్రిన్ రంగు రాకూడదు. పక్కనే కొన్న ఎఫ్‌మాక్-ఫినైల్‌అలనిన్ చిటికెడు దొరికితే, రెండూ కలిపిన చుక్క మధ్య గీతలో పెట్టండి. విడిపోకుండా నడిస్తే మంచి గుర్తు.

ద్రవీభవన స్థానం సీసాల మీద 180–187 డిగ్రీల మధ్య రాసి ఉంటుంది. మీది రెండు డిగ్రీల తేడాలోపు కరగాలి. 165 దగ్గరే మెత్తబడితే మళ్లీ స్ఫటికీకరించండి. ఆప్టికల్ రొటేషన్ చూసే వీలుంటే డీఎంఎఫ్ (డైమిథైల్‌ఫార్మమైడ్) ద్రావణిలో 1 శాతం గాఢతకు మైనస్ 37 దగ్గర రావాలి. డీఎంఎఫ్ కొత్తదై ఉండాలి. పాతదాంట్లో డైమిథైల్‌అమైన్ చేరుతుంది, అది ఎఫ్‌మాక్‌ని ఊడదీస్తుంది.

మాస్ స్పెక్ట్రమ్‌లో 388 (ప్రోటాన్‌తో), 410 (సోడియంతో) వెతకండి. 288 కనిపిస్తే బాక్-ఫినైల్‌అలనిన్ సోడియంతో మిగిలింది. 535, 557 కనిపిస్తే డైపెప్టైడ్. 312 కనిపిస్తే ఎఫ్‌మాక్-బీటా-అలనిన్. బీటా-అలనిన్ మీరు వేయలేదు కదా అని తికమకపడకండి, సక్సినిమైడ్ ఉంగరం విచ్చుకుని పునర్విన్యాసం చెందితే అది పుడుతుంది.

ఎన్‌ఎంఆర్ కోసం శాంపిల్ ఇచ్చి క్యూలో ఆగాలి కాబట్టి పై పరీక్షలు అయ్యాకే ఇవ్వండి. డీఎంఎస్‌ఓలో 7.9 దగ్గర రెండు హైడ్రోజన్ల డబ్లెట్, మొత్తం ఎఫ్‌మాక్‌లోని ఫ్లూరీన్ (fluorene) భాగం నుంచి ఎనిమిది ఆరోమాటిక్ హైడ్రోజన్లు, 4.1–4.3 దగ్గర ఎఫ్‌మాక్ సీహెచ్, సీహెచ్2, ఆల్ఫా హైడ్రోజన్ ఒకచోట గుంపుగా వస్తాయి. 1.3–1.4 దగ్గర బాక్ తొమ్మిది హైడ్రోజన్ల సింగ్లెట్ ఉండకూడదు. 2.6 దగ్గర సూదిలాంటి పీక్ ఉంటే హైడ్రాక్సీసక్సినిమైడ్ మిగిలింది, ఇథైల్ ఎసిటేట్‌లో కరిగించి మళ్లీ నీళ్లతో కడగండి. ప్రధాన పీకుల పక్కన చిన్న వెడల్పాటి పీకులు కనిపిస్తే మలినం అని నిర్ణయించుకోకండి. కార్బమేట్ బంధం చుట్టూ తిరగడం నెమ్మదిగా ఉండడం వల్ల రెండు రోటామర్లు కనిపిస్తాయి. 80 డిగ్రీల దగ్గర మళ్లీ తీయిస్తే అవి కలిసిపోతాయి.

తిరుగు దారి: ఎఫ్‌మాక్ తీసి బాక్ పెట్టాలంటే

ఇదీ తరచుగా అడుగుతారు, దీంట్లో తప్పు జరిగే చోటు కూడా మధ్యలోనే. ఎఫ్‌మాక్ తీయడానికి అందరూ పైపెరిడిన్ పట్టుకొస్తారు. రెజిన్ పూసల మీద పెప్టైడ్ కట్టేటప్పుడు 20 శాతం పైపెరిడిన్ సరైనదే, కడిగేస్తే పోతుంది. ఫ్లాస్క్‌లో మాత్రం అది 106 డిగ్రీలకు మరుగుతుంది, ఎంత లాగినా కొంత మిగులుతుంది. మీరు వేసే బాక్ ఎన్‌హైడ్రైడ్ ముందు దానితోనే రియాక్టవుతుంది. అందుకని 55 డిగ్రీలకే మరిగే డైఇథైల్‌అమైన్ వాడండి.

3.87 గ్రాముల ఎఫ్‌మాక్-ఫినైల్‌అలనిన్‌ను 20 మి.లీ. ఎసిటోనైట్రైల్‌లో కలిపి, 20 మి.లీ. డైఇథైల్‌అమైన్ పోసి గంటసేపు ఉంచండి. టీఎల్‌సీలో మొదటి చుక్క పోయాక రోటాలో పూర్తిగా లాగి, ఎసిటోనైట్రైల్ పోసి ఇంకో రెండుసార్లు లాగండి. మిగిలిన ముద్దను ఈథర్‌తో రుద్ది కడిగితే డైబెంజోఫల్వీన్ వగైరా పోతాయి. తర్వాత 1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ 10 మి.లీ. పోసి కరిగించి, మళ్లీ పది నిమిషాలు రోటాలో పెట్టండి. ఉప్పుగా దాక్కున్న డైఇథైల్‌అమైన్ ఇప్పుడు విడిపడి పోతుంది. ఫ్లాస్క్ మూతి దగ్గర పట్టుకున్న తడి పీహెచ్ పేపర్ నీలం తిరగకపోతేనే బాక్ ఎన్‌హైడ్రైడ్ తీయండి.

20 మి.లీ. నీళ్లు కలిపి ఐస్‌లో చల్లబరచి, 2.62 గ్రాముల బాక్ ఎన్‌హైడ్రైడ్ (1.2 ఈక్వివలెంట్లు) 20 మి.లీ. టీహెచ్‌ఎఫ్‌లో (టెట్రాహైడ్రోఫ్యూరాన్‌లో) కరిగించి పోయండి. పీహెచ్ 9–10 మధ్య ఉంచండి, ఇక్కడ సోడియం హైడ్రాక్సైడ్ చుక్కలు వాడినా నష్టం లేదు, బాక్ క్షారాన్ని తట్టుకుంటుంది. టీఎల్‌సీలో గీత దగ్గరి ఊదా చుక్క పోయాక టీహెచ్‌ఎఫ్ లాగేసి, హెక్సేన్‌తో కడగండి. ఆమ్లీకరించేటప్పుడు హైడ్రోక్లోరిక్ ఆమ్లం బదులు సిట్రిక్ ఆమ్లమో పొటాషియం బైసల్ఫేటో వాడి పీహెచ్ 3 దగ్గర ఆపి, వెంటనే ఇథైల్ ఎసిటేట్‌లోకి తీసేయండి.

బాక్ ఎన్‌హైడ్రైడ్ 23 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మన దగ్గర ఏడాదిలో ఎక్కువ రోజులు అది సీసాలో ద్రవంగానే కనిపిస్తుంది, పాడైపోయిందని పారేయకండి. ఫ్రిజ్‌లో పెట్టి, వాడేముందు బయట కాసేపు ఉంచి తూచుకోండి. వేడి తగిలితే కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది కాబట్టి వేడి నీళ్లలో పెట్టి కరిగించకండి, సీసా ఎప్పుడు తెరిచినా హుడ్‌లోనే మూత నెమ్మదిగా తిప్పండి.